వేలంత ఎడమకి, గోరంత పైకి

డ్రైవరుకి వెనక్కి చూడకుండా కూర్చోవడం చేతకాదు. జీవితమంతా సిటీ బస్సు నడిపినవాడు. ముందున్న రోడ్డును ఎంత చూస్తాడో, నెత్తిమీది అద్దంలో వెనకని అంత చూస్తాడు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ అద్దంలో తన మొహం చూసుకోవడం మాని, వెనక తలుపు గడియ పడిందో లేదో చూస్తాడని భార్య నవ్వేది.

అలాంటివాణ్ణి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టి, అసలు సంగతంతా వీపు వెనక జరుగుతుంటే తల తిప్పొద్దంటే ఏమవుతుంది? ఏమవ్వాలో అదే అయింది.

అతని కూతుర్ని ఇంట్లోనూ డిపోలోనూ పిట్ట అనే పిలుస్తారు. పుట్టినప్పటినుంచీ ఆమె కండరాల్లో బలం లేదు. చేతులు ఒళ్ళో ఎలా పెడితే అలా ఉంటాయి. మెడ మాత్రం ఆమె మాట వింటుంది. గొంతు ఇంకా బాగా వింటుంది. ఆ గొంతుతోనే ఇంటినుంచి ఒక ఆస్పత్రికి అపాయింట్‌మెంట్లు ఇస్తుంది. డాక్టరు ఈరోజే చూసి తీరాలని ఎగిరిపడినవాడు కూడా ఆఖరికి, "సరేనమ్మా, గురువారమే వస్తాలే" అని ఫోను పెట్టేస్తాడు.

పిట్ట ఆడే ఆట పేరు బోచా. చక్రాల కుర్చీలో కూర్చుని ఆడతారు. ముందు ఒక తెల్లబంతిని దొర్లిస్తారు. తర్వాత ఒకరు ఎర్రబంతులు, ఇంకొకరు నీలంబంతులు దొర్లిస్తారు. ఎవరిది తెల్లబంతికి దగ్గరగా ఆగితే వాళ్ళకి పాయింటు. చెప్పుకోడానికి ఇంతే. ఆడడానికి కూర్చుంటే మాత్రం ఇంతింత కాదు.

చేతులు ఆడనివాళ్ళు ర్యాంపు పెట్టుకుంటారు. జారుడుబల్లలాంటిదే, బంతికి సరిపడేంత. పిట్ట ర్యాంపుని డిపోలో వెల్డరు చేసిపెట్టాడు, పాత బస్సులోంచి ఊడదీసిన అల్యూమినియం పట్టీలతో. దాని మీద పైనుంచి కిందకి గీతలుంటాయి. పై గీత నుంచి వదిలితే బంతి జోరుగా పోతుంది, కింది గీత నుంచైతే నెమ్మదిగా. పిట్ట తలకి ఒక పట్టీ, ఆ పట్టీకి ముందుకి సాగిన సన్నటి కడ్డీ. ఆ కడ్డీతో బంతిని ఆపి పట్టుకుంటుంది. తల ఎత్తితే బంతి వెళ్ళిపోతుంది.

ర్యాంపుని జరపడానికి, బంతి పెట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఆటస్థలానికి వీపు పెట్టి, ఆడేవాళ్ళకి ఎదురుగా కూర్చోవాలి. తిరిగి చూడకూడదు. రౌండు అయ్యేదాకా పెదవి విప్పకూడదు. చెప్పినంతే జరపాలి, చెప్పింది తప్పని తోచినా సరే. చూసేది, లెక్క వేసేది, తెగించేది కుర్చీలో ఉన్న మనిషి. స్టూలు మీదున్న మనిషికి చేతులుంటే చాలు.

ఆ స్టూలు మీద మొదటినుంచీ పిట్ట అమ్మ కూర్చునేది. ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. కొలతలన్నీ వేళ్ళ మీదే. అందుకని తల్లీకూతుళ్ళ ఆటలో కూడా ఆ కొలతలే నడిచేవి. గోరంత, వేలంత, బెత్తెడు, జానెడు. డ్రైవరు డ్యూటీ దిగి వచ్చి, "ఎలా ఆడింది?" అని అడిగితే, "నేనెక్కడ చూశాను? దాని మొహం చూశాను. బాగానే ఆడింది" అనేది. ఆ జవాబుకి డ్రైవరు ప్రతిసారీ నవ్వేవాడు.

పోయిన వానాకాలంలో ఆవిడ జ్వరపడి లేవలేదు. మిషను మీద గుడ్డ కప్పారు. ర్యాంపుని గోడకి ఆనించారు. చాలారోజులు ఆ రెంటి జోలికీ ఎవరూ పోలేదు. మళ్ళీ ఎండలు కాసేవేళకి ఒక ఆదివారం పిట్టే అడిగింది.

"నాన్నా, స్టూలు మీద నువ్వు కూర్చుంటావా?"

"ఆ ఆట గురించి నాకేం తెలుసమ్మా?"

"తెలీకపోతేనే మంచిది. తెలిసినవాళ్ళతోనే బాధ."

మొదటి వారాలు గందరగోళంగా సాగాయి. పిట్ట "వేలంత ఎడమకి" అనేది. డ్రైవరు చూపుడువేలు నేలమీద ఆనించి, ర్యాంపు అంచుని సరిగ్గా దాని పక్కకి జరిపేవాడు. బంతి ఎడమగోడని పలకరించి వచ్చేది. "వేలంత కుడికి" అంటే కుడిగోడ. కోచ్ మేడం తల పట్టుకుంది. ర్యాంపు వంకర పోయిందన్నారు. నేల ఏటవాలుగా ఉందన్నారు. వెల్డరుని పిలిపించి తిట్టారు కూడా.

చివరికి పిట్ట అంది, "నాన్నా, నీ చెయ్యి ఒకసారి నా మొహం ముందు పెట్టు."

పెట్టాడు.

"ఇది వేలా, అరటిపండా?"

"స్టీరింగు పట్టిన చెయ్యమ్మా. పూలు గుచ్చిన చెయ్యి కాదు."

"అమ్మ వేళ్ళు రెండు కలిపితే నీది ఒకటి" అంది పిట్ట. డ్రైవరు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కోచ్ మేడం నేలమీద బంతులు ఏరడం మొదలుపెట్టింది. ఏరినవే మళ్ళీ ఏరింది.

"సరే" అంది పిట్ట కాసేపటికి. "ఇకనుంచి ఎవరి వేలో చెప్తాను. నాన్న వేలంటే నీ వేలు. అమ్మ వేలంటే అందులో సగం."

అలా ఆ ఆటలో రెండు రకాల వేళ్ళు, రెండు రకాల గోళ్ళు చేరాయి. బంతులు మెల్లమెల్లగా దారికొచ్చాయి.

*

పోటీలు పెట్టింది ఒక పాఠశాల ఆటల హాల్లో. నున్నటి చెక్కనేల. ఎత్తు కిటికీలు. ఒక గోడపొడుగునా కప్పులు, షీల్డులు దాచుకునే అద్దాల బీరువా. పిట్ట ఉన్న గ్రూపులో ముగ్గురే. ప్రతివాళ్ళూ మిగతా ఇద్దరితో ఆడాలి. ఇద్దరిలో ఒక్కరినైనా గెలిస్తే పై పోటీకి వెళ్ళొచ్చు.

పొద్దున ఆట ఒక లెక్చరరుతో. ఆయన కాళ్ళూ చేతులూ కూడా పిట్టవి లాంటివే. ఆయన ర్యాంపు దగ్గర ఆయన భార్య.

"అన్నయ్యగారూ, మీకు ఇదే మొదటిసారా?" అని ఆవిడ డ్రైవరుని పలకరించింది. "భయపడకండి. మా ఇంట్లో ఆయన చెప్పిన మాట నేను మారుమాట లేకుండా వినేది ఈ స్టూలు మీద ఒక్కచోటే. అందుకే ఆయనకి ఈ ఆటంటే ప్రాణం."

డ్రైవరు నవ్వి స్టూలు మీద సర్దుకున్నాడు. వీపు ఆటస్థలానికి పెట్టాడు. తల ఎత్తాడు. ఎదురుగా పిట్ట. పిట్ట వెనక అద్దాల బీరువా.

ఆ అద్దంలో కప్పుల మధ్య నుంచి హాలు మొత్తం కనిపిస్తోంది. చెక్కనేల, దాని మీద తెల్లబంతి, మిగతా బంతులింకా దొర్లని ఖాళీ.

చూడాలని చూశాడని అనలేం. బస్సెక్కి కూర్చుంటే కళ్ళు వాటంతటవే ఎక్కడికి పోతాయో అక్కడికే పోయాయి. మొదటి రౌండులో రెండుసార్లు కళ్ళు దించుకున్నాడు. రెండో రౌండులో దించుకోవడం మర్చిపోయాడు. ఆఖరి రౌండుకి వచ్చేసరికి అద్దంలో ఎడమ కుడీ తిరగేసి చూసుకోవడం కూడా అలవాటైపోయింది. బస్సద్దం నేర్పిన విద్యే కదా.

ఆఖరి బంతి పిట్టది. నీలంబంతి ఒకటి తెల్లదానికి అడ్డంగా నిలబడి ఉంది.

"అమ్మ వేలంత ఎడమకి" అంది పిట్ట.

జరిపాడు.

"చాలు."

అద్దంలో చూశాడు. చాలదు. ఆ దారిన పోతే బంతి నీలాన్ని రాసుకుని బయటికి పోతుంది. ఇంకొక్క పిసరు జరిగితే పక్కనుంచి దూరి తెల్లదాని దగ్గరికి చేరుతుంది. బొటనవేలితో ర్యాంపు కాలుని చిన్నగా నొక్కాడు. జరిగింది. రిఫరీ కళ్ళు ఆటస్థలం మీద ఉన్నాయి.

పిట్ట కడ్డీ ఒక క్షణం బంతి మీదే ఆగింది. గడియారం నడుస్తోంది. తల ఎత్తింది.

బంతి వెళ్ళి తెల్లబంతి పక్కన చంటిపిల్లలా ఒదిగి పడుకుంది. హాల్లో చప్పట్లు. గ్యాలరీలోంచి ఒక గొంతు అందరికన్నా పైన వినిపించింది. అది డ్రైవరుతో ఏళ్ళతరబడి అదే బస్సులో పనిచేసిన కండక్టరుది. డ్రైవరు లేచి నిలబడ్డాడు. పిట్ట మొహం చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"నేను చాలన్నాక అది కదిలింది" అంది పిట్ట.

"కొంచెం... చెయ్యి తగిలిందేమో."

"నాన్నా."

"నీ బంతి తప్పిపోయేది తల్లీ. నేను చూశాను కదా."

"చూశావా?" అంది పిట్ట. "నీకు వీపులో కళ్ళున్నాయా?"

నోట్లోంచి మాట వచ్చేశాక చేసేదేముంది? డ్రైవరు కళ్ళెత్తి బీరువా వంక చూశాడు. పిట్ట తల తిప్పుకుని చూడలేదు. చూడక్కర్లేదు. ఆయన చొక్కా గుండీలు పెట్టుకునేటప్పుడు ఏం చూస్తాడో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"నన్ను ఆ టేబుల్ దగ్గరికి తీసుకెళ్ళు" అంది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

డ్రైవరే చెప్పాడు. తక్కువ మాటల్లో చెప్పాడు. చూశానన్నాడు, జరిపానన్నాడు, మా అమ్మాయికి తెలీదన్నాడు. రిఫరీ ఒక భారీ ఆవిడ, మెడలో విజిలు. కాసేపు ఆ విజిలునే అటూ ఇటూ తిప్పింది.

"ఓడిపోయి వచ్చి గెలిచామని కొట్లాడినవాళ్ళు బోలెడుమంది తెలుసు" అంది. "గెలిచి వచ్చి ఇలా చెప్పినవాళ్ళకి ఏం సమాధానం చెప్పాలో మాకెవరూ నేర్పలేదమ్మా. ఈ ఆట లెక్చరరుగారికిచ్చేస్తున్నాను. మధ్యాహ్నం రెండో ఆట ఉంది. అది గెలిస్తే పైకి, లేకపోతే ఇంటికి."

లెక్చరరు ఇబ్బందిగా, "ఇలాంటి గెలుపు నాకెందుకండీ?" అన్నాడు.

"తీసుకోండి, మొహమాటపడకండి" అంది ఆయన భార్య. "మనింట్లో మీకు గెలుపు రావడమే అరుదు."

పిట్ట నవ్వింది. తండ్రి వైపు తిరిగేసరికి ఆ నవ్వు లేదు.

*

మధ్యాహ్నం హాలు బయట మెట్ల మీద డ్రైవరు, కండక్టరు కూర్చున్నారు. లోపల కోచ్ మేడం పిట్టకి టీ తాగిస్తోంది. కిటికీలోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"కావాలంటే స్టూలు మీద నేను కూర్చుంటాను పిట్టా" అంటోంది మేడం. "నువ్వు చెప్పినంతే చేస్తాను."

పిట్ట ఏమందో వినిపించలేదు. డ్రైవరు బొటనవేలి గోరు నోట్లో పెట్టుకున్నాడు.

"అన్నా, ఆ గోరు తినకు. ఆకలేస్తే బ్రెడ్డుంది" అన్నాడు కండక్టరు.

"దాని మంచికే కదరా చేసింది."

"కాదని ఎవడన్నాడు?"

"తప్పిపోతోంది, నా కళ్ళముందే తప్పిపోతోంది. ఊరుకోమంటావా?"

కండక్టరు బ్రెడ్డు తుంచి నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలాడు. "ఇన్నేళ్ళు కలిసి బండి నడిపాం. నేను రైట్ రైట్ అనకుండా నువ్వెప్పుడన్నా బండి తీశావా?"

"ఎందుకు తీస్తాను? నీ వెనక గుమ్మం దగ్గర ఎవడు వేలాడుతున్నాడో నాకెలా తెలుస్తుంది?"

"నీకు అద్దముందిగా."

"అద్దంలో అన్నీ కనపడతాయా? ముసలమ్మ ఒక కాలు పైన, ఒక కాలు కింద పెట్టి ఉంటుంది. అది నీకే తెలుస్తుంది."

"అందుకని?"

"అందుకని నువ్వు రైట్ అనేదాకా..." అని డ్రైవరు ఆగిపోయాడు. గోరు నోట్లోంచి తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను రైట్ అన్నాననుకో, నీకు ఇష్టం లేకపోయినా తీసేవాడివి. ఆపమన్నాననుకో, తిట్టుకుంటూ ఆపేవాడివి. తిట్లు మాత్రం బానే తిట్టేవాడివి. అయినా ఆపావు" అన్నాడు కండక్టరు. "మరి నా మాటకున్న విలువ పిట్ట మాటకి లేదా? పోనీ, మన బస్సెక్కి నీ వెనక సీట్లో కూర్చుని, ఇటు తిప్పండి, అటు తిప్పండి అనేవాళ్ళని నువ్వేమనేవాడివి?"

"ఆ మాటలు ఇక్కడ బాగుండవు."

"అదే మరి."

డ్రైవరు లేచి లోపలికి వెళ్ళాడు. కోచ్ మేడం కప్పులు కడగాలని గుర్తొచ్చినదానిలా పక్కకి తప్పుకుంది.

"మేడంని కూర్చోబెట్టుకోమ్మా" అన్నాడు. "నావల్ల కాదు. నా కళ్ళు నా మాట వినవు."

పిట్ట ఆయన్ని తేరిపార చూసింది. "ఆ బంతి తప్పేదని నీకు గట్టిగా తెలుసా?"

"తప్పేది."

"ఈ నేల ఆ మూల కుడివైపుకి లాగుతుంది. పొద్దుటినుంచీ చూస్తున్నాను. నేను దాన్ని బయటికి పంపించి లోపలికి తిప్పుదామనుకున్నాను. వచ్చేదేమో, రాకపోయేదేమో. ఇప్పుడు నాకది ఎప్పటికీ తెలీదు."

డ్రైవరు ఆ మూల నేలకేసి చూశాడు.

"ఓడిపోతే ఓడిపోతాను. ఎందుకు ఓడిపోయానో తెలుస్తుంది. నీ వేలు నాకింకా అలవాటవ్వాలి నాన్నా. అది ఎంత జరుపుతుందో చూసుకుంటూ చూసుకుంటూ నేర్చుకుంటున్నాను. తప్పినప్పుడల్లా నువ్వు సర్దేస్తే నాకు నీ వేలు ఎప్పటికి తెలుస్తుంది?"

"అందుకే మేడంని..."

"మేడం వేలు అమ్మ వేలుకన్నా సన్నం. మళ్ళీ అ ఆల దగ్గర్నుంచి మొదలుపెట్టమంటావా? నువ్వే కూర్చో."

డ్రైవరు బీరువా వైపు చూశాడు. "అయితే ఆ బీరువాకి ఒక దుప్పటి కప్పిస్తాను. వాళ్ళనడుగుతాను."

"వద్దు" అంది పిట్ట. "ప్రతి హాల్లోనూ ఏదో ఒకటి మెరుస్తుంది. దేనికని దుప్పట్లు మోస్తాం? నా మొహం చూస్తూ కూర్చో. చూడ్డానికి అంత బాగోలేదా?"

"మీ అమ్మ పోలికే" అన్నాడు డ్రైవరు.

*

మధ్యాహ్నం ఆట గడియారాల దుకాణం పెద్దాయనతో. గడ్డం గుండెల దాకా ఉంది. ఆయన ర్యాంపు దగ్గర తమ్ముడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండానే పని కానిచ్చేస్తున్నారు. పెద్దాయన బంతులు ఆయన గడియారాల్లాగే తొందర లేకుండా, తప్పు లేకుండా వెళ్ళి ఆగుతున్నాయి.

డ్రైవరు కళ్ళని పిట్ట మొహం మీద పెట్టి, మేకు కొట్టినట్టు అక్కడే ఉంచాడు. మొదట్లో అది చాలా కష్టమైంది. ఆమె చెవి పక్కనుంచి అద్దం మెరుస్తూ పిలుస్తోంది. పిలుపు వినపడనట్టు కూర్చున్నాడు. కాసేపటికి మొహంలో ఒక్కొక్కటీ కనిపించడం మొదలైంది. బంతి వదిలే ముందు పిట్ట కింది పెదవి లోపలికి పోతుంది. బంతి దొర్లుతున్నంతసేపూ ఎడమ కనుబొమ్మ పైనే ఉంటుంది. దారి తప్పితే ముందే దిగిపోతుంది. సరిగ్గా పోతే బంతి ఆగాక దిగుతుంది. ఎదుటివాళ్ళ బంతి బాగా వస్తే ముక్కు చివర చిట్లిస్తుంది, కానీ కళ్ళు మెచ్చుకుంటాయి.

నేనెక్కడ చూశాను, దాని మొహం చూశాను.

ఇన్నేళ్ళూ నవ్వేసిన మాట. ఆవిడ చూసిందంతా ఇక్కడే ఉంది. ఆవిడ తనకన్నా ఎక్కువే చూసింది. డ్రైవరు కళ్ళు ఒక్కసారి చెమ్మగిల్లాయి. తుడుచుకోడానికి చెయ్యి ఎత్తలేదు. ర్యాంపు మీదనుంచి చెయ్యి తియ్యమని పిట్ట చెప్పలేదు.

ఆఖరి రౌండుకి ఇద్దరి పాయింట్లూ సమానం. పెద్దాయన తన బంతులన్నీ ఆడేశాడు. పిట్టకి ఒక్కటి మిగిలింది. తెల్లబంతి ఎడమవైపు ఉందని డ్రైవరుకి చూడకుండానే తెలుసు. ఈ రౌండంతా పిట్ట ర్యాంపుని ఎడమకే తిప్పించింది.

చాలాసేపు ఆలోచించింది. తర్వాత అంది, "బెత్తెడు కుడికి."

డ్రైవరు చెయ్యి ర్యాంపు కాలు మీద ఆగింది. కుడికా? బెత్తెడా? బంతి ఎడమవైపు ఉంటే కుడికి బెత్తెడంటే ఏ ఊరు పోతుంది? పొరపాటున అందా? ఎడమ అనబోయి అందా? అద్దం అక్కడే ఉంది. కనురెప్ప ఒక్కసారి అటు కదిలితే చాలు.

పిట్ట ఆయన్నే చూస్తోంది. తొందరపెట్టడం లేదు. మళ్ళీ చెప్పడం లేదు. గుమ్మం దగ్గర నిలబడి రైట్ అన్న మనిషిలా ఉంది.

బెత్తెడు కుడికి జరిపాడు.

"బంతి రెండో గీత మీద" అంది. పెట్టాడు. "గోరంత పైకి. నీ గోరు."

బొటనవేలు గీత మీద ఆనించి, గోరు పొడవునా బంతిని పైకి జరిపాడు. కడ్డీ వచ్చి బంతిని పట్టుకుంది. చెయ్యి వదిలాడు. పిట్ట కింది పెదవి లోపలికి పోయింది. తల లేచింది.

బంతి ర్యాంపు దిగి ఆయన వీపు వెనక్కి వెళ్ళిపోయింది. చెక్కనేల మీద దొర్లుతున్న చప్పుడు. కనుబొమ్మ పైన ఉంది. ఎంతకీ దిగదు. టప్పుమని ఒక చిన్న చప్పుడు. వెంటనే ఇంకొకటి. కనుబొమ్మ ఇంకా పైనే. తర్వాత చప్పుడు లేదు. కనుబొమ్మ నెమ్మదిగా, ఇంటికి చేరినట్టు, దిగింది.

గ్యాలరీలో ఎవరో ఊపిరి వదిలారు. గడ్డం పెద్దాయన "అమ్మమ్మమ్మ" అన్నాడు, మెచ్చుకోలుగా.

రిఫరీ చెక్కనేల మీద మోకాళ్ళూని కొలుస్తున్న అలికిడి. కొలిచింది. మళ్ళీ కొలిచింది. ఇంకో రిఫరీని పిలిచి కొలిపించింది. లేచి విజిలు ఊదింది.

"సమానం. రెండు రంగులూ ఒకటే దూరం. చెరో పాయింటు. ఆట తేలలేదు కాబట్టి ఇంకో రౌండు ఆడాలి."

"ఇంక చూడొచ్చు నాన్నా" అంది పిట్ట.

డ్రైవరు తిరిగి చూశాడు. అప్పుడు అర్థమైంది కుడికి ఎందుకో. అంతకుముందు ఆగిన పిట్ట ఎర్రబంతి ఒకటి మధ్యలో ఉంది. ఆఖరి బంతి దాని కుడిపక్కన తగిలి, దాన్ని ఎడమకి తోసింది. అది వెళ్ళి తెల్లబంతికి అతుక్కున్న నీలాన్ని నెట్టేసి తను ఆగింది. వెళ్ళాల్సింది ఎడమకి, గురి కుడికి. ఇంకొక్క పిసరు ముందుకి పోయి ఉంటే ఆట అక్కడే అయిపోయేది. ఇప్పుడు ఆ ఎర్రబంతి ఇంకోపక్కనున్న నీలంబంతితో సరిగ్గా సమానంగా ఆగింది.

"అబ్బా, ఎంత పని చేశావమ్మా!" అన్నాడు.

పిట్ట మాత్రం ఆ ఎర్రబంతినే చూస్తోంది. "నేననుకున్న దారినే పోయింది. మలుపు కూడా అనుకున్నట్టే తిరిగింది" అంది. మొహం వెలిగిపోతోంది. "జోరే కొంచెం తగ్గింది. ఎందుకు తగ్గిందబ్బా? రెండో గీత మీద గోరంత అంటే సరిపోవాలే." ఒక్కసారి కళ్ళు చిట్లించింది. "నాన్నా, ఏదీ, నీ బొటనవేలు చూపించు."

డ్రైవరు చెయ్యి వెనక్కి దాచుకోబోయాడు.

"చూపించు."

చూపించాడు. గోరు ఉండాల్సిన చోట సగం లేదు.

"తినేశావా?"

"మధ్యాహ్నం... కాస్త కంగారుగా ఉంటే..."

"చెప్తే విన్నాడు కాదు!" అని గ్యాలరీలోంచి కండక్టరు అరిచాడు. "బ్రెడ్డు పెడతానన్నాను, గోరే కావాలన్నాడు!"

హాలంతా నవ్వింది. రిఫరీ నవ్వు ఆపుకోడానికి విజిలు నోట్లో పెట్టుకుంటే అది కాస్తా కూసింది. గడ్డం పెద్దాయన తమ్ముడితో, "నువ్వు మాత్రం గోళ్ళ జోలికి పోకు" అన్నాడు. ఆ అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి. పిట్ట నవ్వి నవ్వి తల వెనక్కి వాలిపోయింది. కోచ్ మేడం వచ్చి దిండు సర్ది నిలబెట్టింది.

డ్రైవరు కూడా నవ్వాడు. ఇంట్లో గుడ్డ కప్పిన మిషను ఒకసారి గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఆ నవ్వు ఆగలేదు.

"దగ్గరగా పెట్టు" అంది పిట్ట. ఆయన చెయ్యి ఆమె కళ్ళముందు పెట్టాడు. ఆమె ఆ మిగిలిన గోరుని, పక్కవేలుని, రిఫరీ బంతుల దూరం కొలిచినంత శ్రద్ధగా చూసింది. అటు తిప్పమంది, ఇటు తిప్పమంది.

"సరే. ఇంతుందన్నమాట. తెలిసింది."

రిఫరీ తెల్లబంతిని మధ్యలో పెట్టి చెయ్యి ఊపింది. డ్రైవరు స్టూలు సర్దుకుని ఆటకి వీపు పెట్టి కూర్చున్నాడు. పిట్ట చెవి పక్కన అద్దాల బీరువా సాయంత్రపు ఎండకి మెరుస్తోంది. అందులో ఏముందో ఆయన చూడలేదు.

"వేలంత ఎడమకి" అంది పిట్ట.

ఎవరి వేలని ఆయన అడగలేదు. జరిపాడు.